భోషాణం

భోషాణం అనగా నగలు, నగదు, పట్టుబట్టలు, దస్తావేజులు మొదలైన విలువైన వస్తువులను భద్రపరచుటకు తెలుగువారి ఇళ్ళలో వాడిన పెద్ద చెక్కపెట్టె. దీనిని భోషాణం పెట్టె అని కూడా అంటారు. దీని పైభాగం బల్లపరుపుగా ఉండుట వలన పగటిపూట కూర్చొనుటకు, రాత్రివేళ పడుకొనుటకు కూడా ఉపయోగపడేది. ఈ విధంగా ఒకే వస్తువు ఇంటికి ఖజానాగా, బీరువాగా, బల్లగా, మంచంగా పనిచేసింది.

గట్టి చెక్కతో చేయబడిన భోషాణం కొన్ని తరాల పాటు నిలిచేది. భూమిని కొలిచి, ధాన్యాన్ని కొలిచి, బంగారాన్ని తూచి పంచుకోవచ్చును గాని భోషాణాన్ని ముక్కలు చేసి పంచుకొనుట సాధ్యం కాదు. కావున అది ఎవరి వాటాకు వచ్చినది, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది అన్న విషయాలకు ఉమ్మడి కుటుంబంలో ఎంతో ప్రాముఖ్యం ఉండేది.

పేరు

దీని నిఘంటు రూపం భోషాణము. వాడుకలో భోషాణం అని ఒంటరిగాను, పెట్టె అన్న మాటతో కలిపి భోషాణం పెట్టె అనియు వ్యవహరిస్తారు. పెద్ద పెట్టెలకు తెలుగులో మందసం అన్న పేరు కూడా ఉన్నది. కుంతి పసికందైన కర్ణుని నదిలో విడిచిన పెట్టెను తెలుగువారు మందసమనే చెప్పుకొంటారు. తెలుగు బైబిలులో నిబంధన మందసము అన్న మాట ప్రసిద్ధం. తెలంగాణలో పెట్టెకు సందుగ అన్న మాట వాడుకలో ఉన్నది. ఇది అరబ్బీ పదమైన సందూక్ నుండి ఉర్దూ ద్వారా వచ్చినది.

భోషాణాన్ని ఇతర పెట్టెల నుండి వేరుగా గుర్తించాలి. పేటిక అనగా చేతితో ఎత్తదగిన చిన్నపెట్టె. గల్లాపెట్టె దుకాణంలో రోజువారీ రొక్కం వేసుకొనేది. ట్రంకుపెట్టె ఇనుపరేకుతో చేసినది, ప్రయాణాలకు తీసుకొనిపోదగినది. గాదె, గరిసె అన్నవి ధాన్యం నిలువ చేయుటకు ఉద్దేశించినవి. భోషాణం మాత్రం ఒకచోట పెట్టిన తరువాత సాధారణంగా కదిలించని పెట్టె.

పూర్వపు తెలుగు ఇంటిలో సామాను తక్కువగా ఉండేది. పీట, మంచం, బల్ల, పెట్టె అన్నవే ముఖ్యమైనవి. బీరువా అన్న పేరు ఫ్రెంచి పదం బ్యూరో నుండి, అలమర పోర్చుగీసు నుండి, కుర్చీ అరబ్బీ నుండి వచ్చినవి. నిలువుగా నిలిచే అరల బీరువాలు రాకముందు ఇంటిలో దాచవలసిన వస్తువులన్నిటికీ పెట్టెయే ఆధారం.

నిర్మాణం

భోషాణాలకు ఒకే కొలత లేదు. పడుకొనుటకు కూడా వాడదలచిన వారు మనిషి కాళ్ళు చాచుకొనేంత పొడవుగా చేయించుకొనేవారు. వస్తువులు దాచుటకే అయితే అంతకంటే పొట్టిగా ఉండేది.

ఉదాహరణకు 5 అడుగుల పొడవు, 2.5 అడుగుల వెడల్పు, 2.5 అడుగుల ఎత్తు గల పెట్టెను ఒక అంగుళం మందం గల టేకు పలకలతో చేసినచో పలకల బరువే దాదాపు 95 కిలోలు ఉంటుంది. ఇనుప పట్టీలు, కాళ్ళు కలిపితే ఖాళీ పెట్టె 100 కిలోలు దాటుతుంది. లోపల సుమారు 750 లీటర్ల చోటు ఉంటుంది. ఇత్తడి పాత్రలు, వెండి నాణేలు నింపిన తరువాత అటువంటి పెట్టెను ఇద్దరు మనుషులు కదిలించలేరు. తాళం పగులగొట్టవచ్చును గాని పెట్టెను ఎత్తుకొనిపోవుట దొంగలకు సాధ్యం కాదు. ఆ బరువే దానికి మొదటి కాపలా.

చెక్క

భోషాణాలకు టేకు శ్రేష్ఠమైనదిగా భావించేవారు. టేకులో సహజంగా ఉండే తైలపదార్థాల వలన దానికి చెదలు త్వరగా పట్టవు. తేమ మారినప్పుడు కూడా అది ఇతర చెక్కల కంటే తక్కువగా వంకరపోతుంది. గోదావరి లోయలోని అడవులలో, ఆదిలాబాదు ప్రాంతంలో టేకు లభించేది. బర్మా నుండి సముద్రమార్గాన వచ్చిన బర్మా టేకుకు కోస్తా జిల్లాలలో పేరుండేది. స్తోమతను బట్టి, ప్రాంతంలో దొరికే కలపను బట్టి పనస, వేప వంటి చెక్కలను కూడా ఉపయోగించేవారు. వేపచెక్క చేదుగా ఉండుట వలన పురుగు తక్కువగా పడుతుంది.

కూర్పు

చెక్క తన పొడవు దిశలో దాదాపుగా మారదు. వెడల్పు దిశలో మాత్రం వానకాలంలో ఉబ్బి, ఎండకాలంలో కుంచించుకుపోతుంది. ఈ సంగతి తెలిసిన వడ్రంగులు వెడల్పైన పలకను నాలుగు వైపులా మేకులతో బిగించక, పలకల అంచులకు గాడి తీసి ఒకదానిలో ఒకటి కూర్చేవారు. మూలల వద్ద పలకల చివరలను పళ్ళవలె కోసి, ఒక పలక పళ్ళు రెండవ పలక సందులలో దిగేటట్లు బిగించేవారు. చట్రం ఉన్న పెట్టెలలో నిలువు కమ్మీలకు బెజ్జం తొలిచి, అడ్డకమ్మీల కొసలను కుసులుగా చెక్కి అందులో దింపేవారు. ఇటువంటి కూర్పు గల పెట్టె కాలక్రమంలో వదులైనప్పటికీ విప్పి మరల బిగించుకోవచ్చును. పెట్టె తరతరాలుగా నిలుచుటకు చెక్క గట్టిదనం ఎంత కారణమో, ఈ కూర్పు కూడా అంతే కారణం.

వడ్రంగి పని పూర్తయిన తరువాత కమ్మరి చేసిన ఇనుప పట్టీలను మూలలకు, అంచులకు బిగించేవారు. సంపన్నుల ఇళ్ళలో ఇత్తడి పట్టీలు, గుబ్బమేకులు వాడేవారు. ముందు పలకపై లతలు, పద్మాలు చెక్కించుట కూడా కలదు.

ద్వారబంధం కంటే పెద్దదైన పెట్టెను విడి పలకలుగా గదిలోనికి చేర్చి అక్కడే బిగించవలసి వచ్చేది. అటువంటి పెట్టెను తరువాతి కాలంలో బయటకు తీయవలసివస్తే విప్పుట తప్ప వేరే మార్గం ఉండదు.

మూత, అరలు, తాళం

కొన్ని భోషాణాలకు పైమూత మొత్తంగా లేస్తుంది. మరికొన్నింటిలో పైభాగంలో సగం కదలకుండా ఉండి, మిగిలిన సగం మాత్రమే తెరచుకొంటుంది. రెండవ పద్ధతిలో పైన పరచిన పక్క అంతా తీయనవసరం లేకుండానే పెట్టె తెరవవచ్చును. లోపల ఒక పక్కగా చిన్న అర ఉండుట కలదు. నగలు, నాణేలు, తాళంచెవులు అందులో ఉంచేవారు. కొన్ని పెట్టెలలో అడుగున దొంగ అర కూడా ఏర్పాటు చేసేవారు. పెట్టె అడుగు నేలకు తగలకుండా పొట్టి కాళ్ళు గాని చక్రాలు గాని అమర్చేవారు. మూతకు ఉన్న పట్టీని ముందు పలకకు ఉన్న కొక్కెంలో దిగవేసి తాళంకప్ప వేసేవారు.

ఉపయోగాలు

ఖజానా

బ్యాంకులు లేని గ్రామాలలో పంట అమ్మిన సొమ్ము ఇంటిలోనే ఉండేది. ఆ సొమ్ము ప్రధానంగా లోహరూపంలో ఉండుట గమనించదగినది. బ్రిటిషు ఇండియా వెండి రూపాయి బరువు సుమారు 11.66 గ్రాములు. అనగా వెయ్యి రూపాయలు దాదాపు 11.7 కిలోలు తూగేవి. నైజాం ప్రాంతంలో హాలీ సిక్కా నాణేలు వేరుగా చెలామణి అయ్యేవి. ఇంత బరువైన రొక్కాన్ని, దానితో పాటు వెండి పాత్రలను మోయగల అడుగుపలక గల పెట్టె అవసరమైనది.

కాగితపు నోట్లు వాడుకలోనికి వచ్చిన తరువాత అదే పెట్టె వలన ఒక నష్టం కూడా ఏర్పడినది. ప్రభుత్వం 1946 జనవరిలో 500, 1000, 10000 రూపాయల నోట్లను, 1978 జనవరిలో 1000, 5000, 10000 రూపాయల నోట్లను, 2016 నవంబరులో 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేసినది. గడువులోగా మార్చుకొనకుండా పెట్టె అడుగున మిగిలిపోయిన నోట్లు విలువ కోల్పోయినవి. వెండి నాణెం చెలామణి ఆగిపోయినను లోహపు విలువ మిగులుతుంది. నోటుకు అటువంటి విలువ లేదు.

మంచము, ఆసనము

ఇంటి యజమాని గాని, ఇంటిలో పెద్దవారు గాని భోషాణంపై పక్క వేసుకొని పడుకొనుట ఆచారంగా ఉండేది. పైన మనిషి పడుకొని ఉండగా మూత తెరచుట సాధ్యం కాదు గనుక ఇది నిద్రకు, కాపలాకు కూడా సరిపోయేది. పగటివేళ దానిపై చాప గాని జంపఖానా గాని పరచి కూర్చొనేవారు. లెక్కలు వ్రాసుకొనుటకు, బట్టలు మడతపెట్టుటకు, పసిపిల్లలను పడుకోబెట్టుటకు కూడా అది పనికివచ్చేది.

బట్టలు, పాత్రలు, బొమ్మలు

పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే పెద్ద ఇత్తడి గుండిగలు, వెండి కంచాలు, పట్టుచీరలు, చలికాలపు కంబళ్ళు భోషాణంలో ఉంచేవారు. పురుగు పట్టకుండా బట్టల మధ్య ఎండిన వేపాకు, వట్టివేరు వేసేవారు. తరువాతి కాలంలో వీటి స్థానాన్ని కలరా ఉండలు ఆక్రమించినవి. సంక్రాంతికి గాని దసరాకు గాని బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను గుడ్డలలో చుట్టి సంవత్సరమంతా పెట్టెలో దాచేవారు. కొలువు రోజులలో బొమ్మలు బయటకు రాగా, ఖాళీ అయిన పెట్టెలనే మెట్లుగా పేర్చి వాటిపై దుప్పటి పరచి బొమ్మలను నిలుపుట కూడా కలదు.

కాగితాలు

భోషాణంలో బంగారం తరువాత విలువైనవి కాగితాలు. క్రయపత్రాలు, తాకట్టు పత్రాలు, శిస్తు రసీదులు, ప్రోనోట్లు, జాతకాలు, వీలునామాలు ఇందులో ఉండేవి. వీటిని తరాల పాటు దాచుటకు చట్టపరమైన కారణం కూడా ఉన్నది. 1908 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం తాకట్టు పెట్టిన స్థిరాస్తిని విడిపించుకొనుటకు దావా వేయు గడువు 60 సంవత్సరాలు. 1963 చట్టం దీనిని 30 సంవత్సరాలకు తగ్గించినది. అనగా తాత తాకట్టు పెట్టిన పొలాన్ని మనుమడు విడిపించుకొనే అవకాశం ఉండేది. అయితే అందుకు పత్రం చేతిలో ఉండవలెను.

1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 90వ సెక్షను ప్రకారం 30 సంవత్సరాలు దాటిన పత్రం ఉండదగిన చోటనే, ఉండదగిన వారి వద్దనే ఉండి బయటకు వచ్చినచో, దానిపై ఉన్న సంతకాలు, దస్తూరీ నిజమైనవేనని న్యాయస్థానం భావించవచ్చును. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఈ నియమాన్ని కొనసాగించినది. కుటుంబపు పత్రం కుటుంబపు పెట్టెలో ఉండుట సహజమైన విషయం. పెట్టె చేతులు మారి, కాగితాలు చిందరవందరైనచో ఆ పత్రం ఎక్కడ నుండి వచ్చినదన్న ప్రశ్న తలెత్తుతుంది.

కొన్ని ఇళ్ళలో ఇటువంటి పెట్టెలలో తాళపత్ర గ్రంథాలు కూడా నిలిచినవి. సి.పి.బ్రౌన్ (1798 - 1884) సేకరించిన తెలుగు ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరినవి. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడా ఇటువంటి ప్రతులను సేకరించినది. తాళపత్రాలు మన వాతావరణంలో పురుగుల వలన, తేమ వలన త్వరగా పాడవుతాయి. గ్రంథం నిలవాలంటే పొడిగా, చీకటిగా ఉన్న చోటు కావాలి, కాలానుగుణంగా తిరగవ్రాయుచుండవలెను.

తాళంచెవి - పెత్తనం

ఉమ్మడి కుటుంబంలో భోషాణం ఇంటి మధ్య గదిలో గాని, పెద్దల పడకగదిలో గాని ఉండేది. దాని తాళంచెవి తరచుగా ఇంటి పెద్దామె నడుముకు దోపుకొన్న తాళాలగుత్తిలో ఉండేది. ఆస్తి పురుషుల పేరున ఉన్నప్పటికీ, పండుగకు ఏ చీర తీయాలి, పెళ్ళికి ఏ పాత్రలు పంపాలి, అవసరానికి ఎంత సొమ్ము ఇవ్వాలి అన్నది తాళంచెవి గల స్త్రీ అనుమతితో జరిగేది. అత్త కోడలికి తాళాలు అప్పగించుట అనగా ఇంటి బాధ్యత అప్పగించుట అన్న అర్థం ఏర్పడినది. వితంతువు వద్ద నుండి తాళంచెవి తీసుకొనుట ఆమె స్థానాన్ని తగ్గించుటకు గుర్తుగా ఉండేది.

శ్రావణ శుక్రవారాలలోను, దీపావళి లక్ష్మీపూజ నాడును పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టుట కొన్ని ఇళ్ళలో ఆచారం.

వారసత్వం

పంపకం

అన్నదమ్ములు వేరుపడినప్పుడు స్థిరాస్తిని పత్రంలో వ్రాసుకొనేవారు. చరాస్తికి వేరుగా జాబితా తయారు చేసేవారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం చరాస్తి పంపకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పాత్రలు, పశువులు, మంచాలు లెక్కకు సరిపోయేటట్లు పంచేవారు. భోషాణం ఒక్కటే ఉన్నప్పుడు మాత్రం ఈ క్రింది పద్ధతులలో ఏదో ఒకటి అనుసరించేవారు.

* ఇల్లు ఎవరి వాటాకు వస్తే భోషాణం కూడా వారికే వదలుట. పెట్టెను కదిలించుట కష్టం గనుక ఈ పద్ధతి సులభమైనది.
* పెద్దమనుషులు వెల కట్టగా, తీసుకొన్నవారు మిగిలిన వాటాదారులకు వారి భాగపు సొమ్ము చెల్లించుట.
* చీట్లు వేసి నిర్ణయించుట.
* తల్లి జీవించి ఉన్నంతకాలం ఆమె వద్దనే ఉంచి, ఆమె తదనంతరం నిర్ణయించుట.

వెల కట్టుటలో చిక్కు ఏమనగా పెట్టె వెల వేరు, దానికి కుటుంబంలో ఉన్న విలువ వేరు. చెక్క వెల ఎవరైనా చెప్పగలరు. తాతముత్తాతల చేతులు పడిన వస్తువన్న గౌరవానికి వెల కట్టుట కష్టం. అందువలన ఎకరాల పంపకం సాఫీగా జరిగిన ఇళ్ళలో కూడా ఇటువంటి వస్తువు వద్ద మాట పట్టింపులు వచ్చేవి.

కుమార్తెల హక్కు

పూర్వపు పద్ధతిలో పుట్టింటి భోషాణం కుమారులకు దక్కేది. కుమార్తెకు సారెతో పాటు వేరొక పెట్టె ఇచ్చి పంపేవారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కుమార్తెను కూడా తండ్రి స్వంత ఆస్తికి వారసురాలిగా గుర్తించినది. ఆంధ్ర ప్రదేశ్ 1986లో ఈ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేటట్లు, అప్పటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కల్పించినది. 2005 కేంద్ర సవరణతో వివాహితలతో సహా కుమార్తెలందరికీ ఈ హక్కు లభించినది. తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి జీవించి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తీర్పు ఇచ్చినది. చరాస్తి కూడా ఆస్తియే గనుక ఈ నియమాలు ఉమ్మడి ఆస్తిలో భాగమైన భోషాణానికి, అందులోని వస్తువులకు కూడా వర్తిస్తాయి.

స్త్రీధనం

పుట్టింటివారు సారెగా ఇచ్చిన పెట్టె, అందులోని నగలు, పాత్రలు, బట్టలు ఆ స్త్రీ స్వంతం. అవి అత్తవారింట ఉన్నంత మాత్రాన భర్తకు గాని అత్తమామలకు గాని చెందవు. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేస్తూ, స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వక స్వంతానికి వాడుకొన్నవారిపై నమ్మకద్రోహం క్రింద కేసు పెట్టవచ్చునని పేర్కొన్నది. ఇటువంటి పెట్టె తల్లి నుండి కుమార్తెకు సంక్రమించే సంప్రదాయం కూడా అనేక కుటుంబాలలో ఉన్నది. అందువలన ఒక ఇంటిలో రెండు పెట్టెలున్నప్పుడు ఏది ఇంటిది, ఏది కోడలిది అన్న తేడా పంపకాల నాడు కీలకమయ్యేది. సారె ఇచ్చిననాడు వస్తువుల జాబితా వ్రాయించుకొన్నవారికి ఈ ఇబ్బంది తక్కువ.

వాడుక తగ్గుట

భోషాణం చేసిన పనులు 19వ శతాబ్దం చివరి నుండి క్రమంగా ఇతర సంస్థలకు, వస్తువులకు మారినవి. 1882లో తపాలా కార్యాలయపు పొదుపు బ్యాంకు ఏర్పడినది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు (ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది). 1969లో 14 బ్యాంకుల జాతీయకరణ తరువాత గ్రామాలలో శాఖలు పెరిగినవి. దానితో రొక్కం బ్యాంకుకు, నగలు లాకరుకు చేరినవి.

గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ ప్రారంభించినది. ఉక్కు బీరువాకు చెదలు పట్టవు, తక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో తలుపు తీయగానే కనిపిస్తుంది. భోషాణంలో అడుగున ఉన్న వస్తువు తీయాలంటే పైనున్నవన్నీ తీయవలెను. ఈ ఒక్క అసౌకర్యం చాలామంది బీరువా వైపు మొగ్గుటకు కారణమైనది.

ఉమ్మడి కుటుంబాలు విడిపోవుట, మండువా ఇళ్ళు తగ్గుట, పట్టణాలలో చిన్న గదుల ఇళ్ళు పెరుగుట ఇతర కారణాలు. అపార్టుమెంటు మెట్లపై 100 కిలోల పెట్టెను ఎక్కించుట సులభం కాదు. పైన పడక, క్రింద సామాను ఉంచే దివాన్లు, పెట్టె మంచాలు అన్నవి పనితీరులో భోషాణానికే వారసులు. అయితే వాటికి కాపలా బాధ్యత లేదు.

పాత భోషాణాన్ని గుర్తించుట

పాత సామాను వ్యాపారంలో కొత్తగా చేసి రంగు వేసిన పెట్టెలను కూడా పాతవిగా అమ్ముతారు. ఈ క్రింది గుర్తులు ఉపయోగపడతాయి.

* చేతిరంపం గుర్తులు తిన్నని గీతలుగా, ఎడం ఎడంగా ఉంటాయి. యంత్రపు గుండ్రటి రంపం వంపు గీతలు వదులుతుంది.
* కమ్మరి చేసిన మేకుల తలలు ఒకదానితో ఒకటి సరిగా పోలవు. యంత్రపు మేకులు, మరలు అన్నీ ఒకే విధంగా ఉంటాయి.
* నిజంగా వాడిన పెట్టెలో మూత అంచు, గొళ్ళెం చుట్టూ ఉన్న భాగం, కాళ్ళ అడుగు ఎక్కువగా అరుగుతాయి. అన్నిచోట్లా సమానంగా అరిగినట్లు కనిపిస్తే అనుమానించవలెను.
* లోపలి పలకలకు సాధారణంగా రంగు వేసేవారు కాదు. లోపల కూడా గాఢమైన రంగు ఉన్నచో అది కొత్త చెక్కను కప్పుటకు వేసినది కావచ్చును.
* అడుగున ప్లైవుడ్ ఉన్నచో కనీసం ఆ భాగం తరువాత మార్చబడినదే.

అమ్మేవారు పెట్టెను ఇచ్చివేయుటకు ముందు పక్క అరను, అడుగు పలకను, మూత లోపలి వైపును జాగ్రత్తగా పరిశీలించుట మంచిది. పెట్టెతో పాటు పాత క్రయపత్రాలు, పుట్టిన తేదీలు వ్రాసుకొన్న కాగితాలు పోయినచో వాటిని తిరిగి సంపాదించుట కష్టం.

చట్టపరమైన నియమాలు

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం (1976 ఏప్రిల్ 5 నుండి అమలు) ప్రకారం 100 సంవత్సరాలు దాటిన కళాకృతులు, హస్తకళాకృతులు పురావస్తువుల క్రిందకు వస్తాయి. శాస్త్రీయ, చారిత్రక, సాహిత్య విలువ గల లిఖిత ప్రతులకు ఈ కాలం 75 సంవత్సరాలు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయుట నిషిద్ధం. విదేశాలలో స్థిరపడినవారు పుట్టింటి పాత భోషాణాన్ని, అందులోని తాళపత్రాలను తమతో తీసుకొనిపోదలచినచో, అవి ఈ చట్టం క్రిందకు వస్తాయో రావో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ద్వారా ముందుగా తెలుసుకొనవలెను.

సంరక్షణ

* పెట్టె అడుగు నేలకు, వెనుక పలక గోడకు తగలకుండా ఉంచవలెను. చెదలు నేల నుండి, గోడ నుండి మట్టి దారులు కట్టుకొని చెక్కను చేరుతాయి.
* చెక్కపై సన్నని రంధ్రాలు, క్రింద మెత్తని పొడి కనిపిస్తే పురుగు లోపల ఉన్నదని గుర్తు.
* నేరుగా ఎండ తగిలేచోట ఉంచరాదు. పలకలు విచ్చుకొంటాయి.
* వదులైన కూర్పుకు కొత్త మేకులు కొట్టుట కంటే, విప్పి మరల బిగించుట మేలు. మేకు వలన పలక కదలిక ఆగి చీలిక ఏర్పడుతుంది.
* జరీ చీరలను నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చి పెట్టవలెను. కలరా ఉండలు బట్టలకు నేరుగా తగలరాదు.
* తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె వంటివి పూయుట సంప్రదాయ పద్ధతి. అయితే అనుభవం లేనివారు స్వయంగా చేయక, గ్రంథాలయాల సహాయం తీసుకొనుట మంచిది. 2003లో కేంద్రప్రభుత్వం లిఖిత ప్రతుల పరిరక్షణకు జాతీయ స్థాయిలో ఒక సంస్థను ప్రారంభించినది.
* ఖాళీ భోషాణంలో పిల్లలు దాగుడుమూతలు ఆడుట ప్రమాదకరం. మూత బరువుగా పడి లోపలి నుండి తెరచుకొనదు, గాలి చాలక ప్రాణాపాయం కలుగుతుంది. వాడని పెట్టెకు తాళం వేసి ఉంచవలెను, లేదా గొళ్ళెం తొలగించవలెను.

ఇతర ప్రాంతాలలో

పెట్టెనే పడకగా, ఖజానాగా వాడు పద్ధతి ఇతర ప్రాంతాలలో కూడా ఉన్నది. కేరళలో ధాన్యం నిలువ చేయు పెద్ద చెక్కపెట్టెను పత్తాయం అంటారు. దానిపై పడుకొనుట అక్కడి పాత ఇళ్ళలో సాధారణం. గుజరాత్‌లో పెళ్ళికూతురుతో పంపే, ఇత్తడి రేకు తాపిన చక్రాల పెట్టెను పటారో అంటారు. ఇటలీలో 15వ శతాబ్దంలో సంపన్న కుటుంబాలు పెళ్ళికి చిత్రాలు వేసిన పెట్టెలు చేయించేవి. వీటిని కస్సోనే అంటారు. జపానులో చక్రాల పెట్టెలు ఉండేవి. 1657లో ఎడో నగరంలో (నేటి టోక్యో) జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో జనం ఈ పెట్టెలను వీధులలోనికి లాగగా దారులు మూసుకుపోయి ప్రాణనష్టం పెరిగినది. తరువాత పెద్ద నగరాలలో వీటిని నిషేధించారు.

ఇవి కూడా చూడండి

* మండువా ఇల్లు
* గాదె
* ట్రంకుపెట్టె
* బొమ్మల కొలువు
* తాళపత్ర గ్రంథాలు
* స్త్రీధనం